కడిగాక కారు తుడిచేది ఎట్టా? తెల్ల చుక్కలు, గీతలు పడకుండా

ట్రంకురోడ్డు (నెల్లూరు)
అన్నలందరికీ నమస్తే. నాది ముదురు నీలం కారు. ఇల్లు వేదాయపాళెం వైపు, వాడకానికి బోరు నీళ్లే. ఆదివారం వస్తే ఇంటి ముందే షాంపూ వేసి కడుగుతాను. తడిగా ఉన్నంతసేపు తళతళలాడుతుంది. ఆరేసరికి బానెట్ మీదా వెనక అద్దం మీదా తెల్లటి చుక్కలు తేలతాయి, గుండ్రంగా, అంచులు చిక్కగా. రుద్దితే కొన్ని పోతాయి, కొన్ని పోవు. ఇంకో బాధ ఏందంటే, రాత్రిపూట పెట్రోల్ బంకులో లైట్ల కింద ఆపితే డోర్ల మీద లైటు చుట్టూ సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. తుడవడానికి పసుపు రంగు షామీ గుడ్డ వాడుతున్నా, ఆరితే గట్టిపడిపోతుందే, అది. తేడా కడగడంలో ఉందా, తుడవడంలో ఉందా?

ఎల్లోబోర్డు
తమ్ముడూ, మా బండ్లకి పాత పంచె చాలు. తిరుపతి ట్రిప్పు వేసొచ్చి, పైపుతో కొట్టి, పంచెతో తుడిచి మళ్లీ స్టాండుకే. బానెట్ మీద చుక్కలున్నాయని ఇంతవరకు ఏ ప్యాసింజరూ ఎక్కకుండా పోలేదు. తెల్ల బండి కొనుక్కోక నీలం ఎందుకు కొన్నావు?

ట్రంకురోడ్డు (నెల్లూరు)
రంగు ఇంట్లోవాళ్లు ఎంచారు అన్నా. నాకు వదిలింది కడగడం ఒక్కటే.

రొయ్యలచెరువు (ఇందుకూరుపేట)
గుడ్డ సంగతి తర్వాత. ముందు నీళ్లు చూసుకోండి. నీరు ఆవిరైపోతుంది, అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు, కొంత సిలికా మాత్రం అక్కడే ఉండిపోతాయి. చుక్క ఆరేటప్పుడు లోపలి నీళ్లు అంచు వైపు లాగబడతాయి, ఉప్పు కూడా అక్కడికే చేరుతుంది. మీరు చెప్పిన చిక్కటి అంచు అదే.

లెక్క వేద్దాం. కడిగి వదిలేసిన కారు మీద లీటరు నీళ్లు నిలిచాయనుకోండి. మీ బోరు టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క) 1500 ఉంటే, అంటే లీటరుకి 1500 మిల్లీగ్రాములు ఉంటే, ఒకటిన్నర గ్రాము ఉప్పు బండి మీద మిగులుతుంది. అదే 50 టీడీఎస్ ఉన్న ఆర్‌ఓ నీళ్లయితే 50 మిల్లీగ్రాములే. ఏ కంపెనీ గుడ్డ కొన్నా ఈ తేడాని పూడ్చలేదు.

తాగే నీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే దారి లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. హార్డ్‌నెస్, అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో ఆ లెక్క, 200, దారి లేకపోతే 600. సముద్రం దగ్గర మా ఊళ్లలో చాలా బోర్లకి ఈ అంకెలతో పనే లేదు! పెన్సిలంత టీడీఎస్ మీటరు ఆన్‌లైన్‌లో కొన్ని వందలకి దొరుకుతుంది. లేదంటే సీసాలో నీళ్లు పట్టుకుని మా వైపు ఏ ఆక్వా ల్యాబుకైనా పోండి. చెరువు నీళ్లకి చూసినట్టే హార్డ్‌నెస్ చూసి చెప్తారు. కారు కోసమని చెబితే నవ్వుతారు, అంతే.

నిమ్మతోట (పొదలకూరు)
మా ఇంట్లో మోటారు దగ్గరే సాఫ్ట్‌నర్ బిగించారు. సబ్బు నురగ బాగా వస్తోంది, గీజర్ కూడా బాగుంది. కారు మీద చుక్కలు మాత్రం అట్టాగే పడుతున్నాయి. అమ్మినాయన మమ్మల్ని మోసం చేశాడంటారా?

రొయ్యలచెరువు (ఇందుకూరుపేట)
మోసం కాదండీ, దాని పనే అంత. సాఫ్ట్‌నర్ ఉప్పుని తీసెయ్యదు, మారుస్తుంది. కాల్షియం, మెగ్నీషియం తీసుకుని బదులు సోడియం ఇస్తుంది. మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ దాదాపు ముందున్నంతే ఉంటుంది. అయితే సోడియం మరక తడిగుడ్డకి పోతుంది, సున్నం మరకలా పట్టుకోదు. కాబట్టి మీ డబ్బులు నీళ్లపాలు కాలేదు.

కావలి_సర్వీసింగ్
నేను వాటర్ సర్వీసింగ్‌లో పనిచేస్తాను. చెప్పేది వినండి, ఇందులో కొనాల్సింది తక్కువ.

ఎండలో కడగొద్దు. అందరూ చెప్పే మాటే, కానీ మన దగ్గర ఎండ అంటే ఏందో తెలుసు కదా. రోహిణి కార్తెలో పది గంటలకే బానెట్ మీద చెయ్యి పెట్టలేం. దాని మీద పోసిన నీళ్లు మనం అటు తిరిగి ఇటు వచ్చేలోగా ఆరిపోతాయి. ఇంజను వేడి కూడా అంతే, అప్పుడే తిరిగొచ్చిన బండిని కాసేపు నీడన ఆపి, బానెట్ చల్లారాక మొదలుపెట్టండి. పొద్దున్నే మేలు. సాయంత్రమైతే సముద్రపు గాలి మళ్లి ఇసుక లేస్తుంది, మా కావలిలో మరీను.

కడిగేటప్పుడు ఒక పక్క షాంపూ పెట్టి రెండో పక్కకి పోయినా, మొదటి పక్కని మధ్యమధ్యలో తడుపుతూనే ఉండాలి. షాంపూ ఆరితే అదో మరక.

ఇక అసలు కిటుకు చివరి నీళ్లలో ఉంది. ప్రెషర్ గన్‌తో కొట్టి ఆపేస్తే నీళ్లు చితికి వేల చుక్కలై కూర్చుంటాయి. గన్ తీసేయండి. వట్టి పైపు పట్టుకుని, నీళ్లు మెల్లగా వచ్చేట్టు పెట్టి, టాపు మీద నుంచి పొయ్యండి. పైపు మూతి బాడీకి దగ్గరగా ఉండాలి, తగలకూడదు. నీళ్లు పొరలాగా కిందికి జారతాయి, జారుతూ పక్కనున్న చుక్కల్ని కూడా లాక్కుపోతాయి. టాపు, ముందు అద్దం, బానెట్, డిక్కీ, ఆ తర్వాత పక్కలు. మైనం పెట్టిన బండి అయితే సగానికి పైగా నీళ్లు ఇట్టాగే దిగిపోతాయి. మైనం పోయి ఎండకి కొట్టుకుపోయిన పెయింట్ మీద అంత బాగా జారవు, అందుకే పాత బండికి తుడిచే పని ఎక్కువ.

తర్వాత గాలి. మా దగ్గర కంప్రెసర్ ఉంది. ఇంట్లో కంప్యూటర్ దుమ్ము ఊదే చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్ ఉంటే సరిపోతుంది. బండి మొత్తం దాంతో ఆరబెట్టక్కర్లేదు. సైడ్ మిర్రర్ల సందులు, డోర్ హ్యాండిళ్లు, కంపెనీ బొమ్మ, నంబర్ ప్లేట్ వెనక, గ్రిల్లు, టెయిల్ లైట్ల చుట్టూ, పెట్రోల్ మూత. తుడిచి లోపలికి పోయి కాఫీ తాగి వచ్చేసరికి కన్నీళ్లు కార్చేది ఈ చోట్లే. తడి చేత్తో కరెంటు ప్లగ్గు పట్టుకోకండి, నీళ్లలో నిలబడి బ్లోయర్ ఆన్ చెయ్యకండి. ఇది కూడా చెప్పాలా అంటారు, చెప్పాల్సి వస్తోంది మరి.

ఇవన్నీ అయ్యాకే గుడ్డ.

ఎల్లోబోర్డు
ఇంత తతంగం ఎందుకబ్బా. కడిగి హైవే ఎక్కి కోవూరు దాకా పోయొస్తే గాలికి అదే ఆరిపోతుంది కదా.

కావలి_సర్వీసింగ్
ఆరుతుంది అన్నా, ముందు పోయే టిప్పర్ దుమ్ముతో కలిసి. తడి బాడీ మీద దుమ్ము పొడి బాడీ మీద కంటే గట్టిగా పట్టుకుంటుంది. కృష్ణపట్నం రోడ్డులో బొగ్గు లారీల వెనక ఒకసారి పోయిరండి, కడిగిన ఫలితం వచ్చేదారిలోనే పోతుంది. పైగా గాలికి ఆరినా ఉప్పు ఉప్పే కదా, ఎక్కడికీ పోదు.

చీమకుర్తి_నలుపు
గీతల సంగతి నేను చెబుతా. నేను గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఉంటాను. మా పనంతా ఒకటే, పెద్ద గీతల్ని చిన్న గీతలు చెయ్యడం, చిన్నవాటిని ఇంకా చిన్నవి చెయ్యడం, కంటికి కనిపించనంత వరకు. అందుకే గీత ఎట్టా పడుతుందో మాకు బాగా తెలుసు.

గుడ్డ గియ్యదు. గుడ్డకీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కున్న రేణువు గీస్తుంది. రోడ్డు మీద ఇసుకలో ఉండేది ఎక్కువగా క్వార్ట్జ్, మోస్ కొలతలో దాని గట్టితనం 7. మామూలు కత్తి ఇనుమే ఐదున్నర దగ్గర ఉంటుంది. మా బ్లాక్ గెలాక్సీ రాయిని అందరూ గ్రానైట్ అంటారు కానీ అది నిజానికి గాబ్రో జాతి, క్వార్ట్జ్ తక్కువ. అయినా ఆ రాతి పొడి కూడా 6 దగ్గర ఉంటుంది. ఇక కారు మీద పైన ఉండే క్లియర్ కోట్ అంటే ఒక రకం ప్లాస్టిక్ పొర, మందం 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం కూడా దాదాపు అంతే, కొందరిదైతే ఎక్కువే. రేణువుకి అది ఏ లెక్కా?

కాబట్టి తుడిచేటప్పుడు గీతలు పడుతున్నాయంటే కడిగింది సరిపోలేదని అర్థం. షాంపూకి ఒక బకెట్, చేతి గుడ్డ జాడించడానికి వేరే బకెట్ పెట్టుకోండి. చెయ్యి వేసే ముందు వట్టి నీళ్లతో దుమ్మంతా దించండి. డోర్ల కింది భాగం, చక్రాల వెనక బాగా మురికి ఉంటుంది, దానికి వేరే గుడ్డ.

మీ షామీ గుడ్డ సంగతి. అది నీళ్లు బాగానే పీలుస్తుంది, కాదనను. దానికి నూగు లేదు, అదీ చిక్కు. ఒక రేణువు మిగిలినా అది లోపలికి దిగడానికి చోటు లేక పెయింట్ మీదే బండి చివరిదాకా ప్రయాణం చేస్తుంది. నూగున్న మైక్రోఫైబర్ (బాగా సన్నటి సింథటిక్ పోగుల) గుడ్డలో అయితే పోగుల మధ్యకి దిగుతుంది. అద్దాలకి షామీ వాడుకోండి, పెయింట్‌కి వద్దు. బండలు తుడిచే రబ్బరు వైపర్‌తో కారు లాగేవాళ్లని చూశాను, వాళ్లకి దండం.

ఒంగోలు_పడమర
పాత బనీను, తుండుగుడ్డ వాడితే నష్టమా? నూలు మెత్తగానే ఉంటుంది కదా. మా నాన్న అంబాసిడర్‌ని ఏళ్ల తరబడి బనీనుతోనే తుడిచేవాడు.

చీమకుర్తి_నలుపు
పెద్దాయన బండికి పాతకాలం పెయింట్, మళ్లీ మళ్లీ పాలిష్ పట్టించేవాళ్లు, రంగు కూడా ఎక్కువగా తెలుపే. గీతలు ఉండే ఉంటాయి, కనపడి ఉండవు. నూలు బట్ట నాలుగు సార్లు పిండితే గానీ ఒక డోరు పూర్తవదు, అంతసేపూ రుద్దుతూనే ఉంటాం. బనీను కుట్లు, లుంగీ అంచు, చొక్కా గుండీ, ఇవి వేరే.

ట్రంకురోడ్డు (నెల్లూరు)
సరే, మైక్రోఫైబర్ కొంటా. ఆన్‌లైన్‌లో చూస్తే 300 జీఎస్‌ఎం, 800, 1200 అని ఉన్నాయి. 80/20 అంటారు, 70/30 అంటారు. బుర్ర తిరుగుతోంది. ఏది తీసుకోను?

కావలి_సర్వీసింగ్
జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 300, 400 ఉన్నవి మైనం తుడవడానికి, డాష్‌బోర్డుకి. నీళ్లు తీయడానికి 800 పైన ఉన్నది ఒకటి పెద్ద సైజులో తీసుకోండి. మెలితిప్పిన పోగులు వరసగా ఉండే రకం నీళ్లని గబగబా లాగుతుంది. 80/20 అంటే 80 పాళ్లు పాలిస్టర్, 20 పాళ్లు పాలిఅమైడ్. నీళ్లు పట్టడంలో పాలిఅమైడ్‌కి పాత్ర ఉంది, 70/30 కాస్త మెత్తగా కూడా ఉంటుందంటారు. దానికోసం మరీ తల పగలగొట్టుకోకండి. అంచు చూడండి, గట్టి నైలాన్ దారంతో కుట్టింది వద్దు. మూలన ట్యాగు ఉంటే కత్తిరించెయ్యండి.

వాడేటప్పుడు గుండ్రంగా తిప్పొద్దు, నొక్కొద్దు. గుడ్డ పూర్తిగా విప్పి బానెట్ మీద పరిచి, రెండు మూలలు పట్టుకుని మీ వైపు మెల్లగా లాగండి. గుడ్డ బరువే చాలు. పక్కల మీద అద్దండి. పూర్తి పొడి గుడ్డ కంటే కొద్దిగా చెమ్మగా ఉన్నది మొదట్లో బాగా లాగుతుంది. కింద పడితే మాత్రం ఆ పూటకి దాన్ని పక్కన పెట్టాల్సిందే. దులిపి వాడొద్దు.

చివర్లో ఇంకా పల్చగా తేమ కనిపిస్తుంటే క్విక్ డీటెయిలర్ అని స్ప్రే దొరుకుతుంది, ప్యానెల్‌కి రెండు చిమ్ములు చిమ్మి రెండో గుడ్డతో అద్దితే జారుడు ఉంటుంది. ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది.

ట్రంకురోడ్డు (నెల్లూరు)
గుడ్డని వాషింగ్ మెషీన్‌లో వెయ్యొచ్చా?

కావలి_సర్వీసింగ్
వెయ్యొచ్చు, తువ్వాళ్లతో కలిపి వద్దు. నూలు పీచు మొత్తం దానికే అంటుకుంటుంది. ద్రవరూపం సోపు కొంచెం, మామూలు నీళ్లు. వాసన కోసం బట్టలకి చివర్లో వేసే కండిషనర్ అస్సలు వద్దు, పోగుల మీద పొర కట్టి నీళ్లు పీల్చడం మానేస్తుంది. నీడన ఆరెయ్యండి, ఇస్త్రీ వద్దు. చక్రాలు తుడిచిన గుడ్డని వీటితో కలపకండి.

నిమ్మతోట (పొదలకూరు)
నీళ్ల దగ్గరికే మళ్లీ వస్తా. మా ఆర్‌ఓ మిషన్ నుంచి పక్క పైపులో చాలా నీళ్లు వృథాగా పోతుంటే మా ఆవిడ బకెట్లో పడుతోంది. ఆర్‌ఓ నీళ్లే కదా, చివర్లో కారు మీద పోస్తే సరిపోదా?

రొయ్యలచెరువు (ఇందుకూరుపేట)
వద్దు! ఆ పక్క పైపు నీళ్లలోనే బోరు ఉప్పంతా ఉంటుంది. మంచి నీళ్ల నుంచి తీసేసిన ఉప్పు పోయేది అటే కాబట్టి బోరు నీళ్ల కంటే అవే ఎక్కువ ఉప్పు. బండలు కడగడానికి, బాత్రూంకి వాడండి. కారుకి వాడాలంటే మొదటి దుమ్ము దించడానికి సరే, చివరికి మాత్రం కాదు.

చివరి నీళ్లకి ఇంట్లో ఉచితంగా వచ్చేది ఇంకొకటి ఉంది, ఏసీ పైపు నీళ్లు. గాలిలో తేమ చల్లబడి నీరైనది కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. మన తీరంలో ఉక్కకి రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్‌లో బాగానే చేరతాయి. ఏసీ లోపలి దుమ్ము కొంచెం వస్తుంది, పల్చటి బట్టలో వడకట్టి మగ్గుతో టాపు మీద నుంచి పొయ్యండి. కారు మొత్తం దాంతో కడగక్కర్లేదు, బోరు నీళ్లతో అంతా కానిచ్చి ఆఖరున ఒక బకెట్. తాగడానికి మాత్రం వద్దు.

మునిసిపల్ కుళాయి ఉన్నవాళ్ల పని సులువు. ఒంగోలులో సాగర్ కాలువ నీళ్లు చెరువుల్లో నిలవ చేసి ఇస్తారు, బోరుతో పోలిస్తే అవి చాలా నయం. పట్టి ఉంచుకున్న కుళాయి నీళ్లు ఒక బకెట్ చివరికి దాచుకోండి. అదే కనిగిరి, పొదిలి వైపు బోర్లలో ఫ్లోరైడ్ బాధ కూడా ఉంది, అక్కడ తాగే నీటికే తిప్పలు పడతారు. వాళ్లని మంచి నీళ్లు కారు మీద పొయ్యమని నేను చెప్పను.

ఒంగోలు_పడమర
ఇప్పటికే పడిన చుక్కలు ఎట్టా తీసేది? మా వీధిలో ఒకాయన బాత్రూం యాసిడ్ పల్చన చేసి అద్దాల మీద రుద్దాడు. పోయాయి కూడా.

చీమకుర్తి_నలుపు
అద్దం మీద పోయి ఉంటాయి. ఆ యాసిడ్ జారి క్రోమ్ పట్టీల మీద, అలాయ్ చక్రాల మీద పడితే మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. ఊపిరికీ కళ్లకీ కూడా మంచిది కాదు. దుకాణాల్లో అద్దాల మరకలు తీసేవని అమ్మే కొన్నిటిలో ఇంకా ఘాటైన ఫ్లోరైడ్ ఆమ్లాలు ఉంటాయి, డబ్బా మీద చదవకుండా, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ఇంట్లో తెల్ల వెనిగర్ ఉంటే సగం నీళ్లు కలపండి. లేదంటే లీటరు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు. బండి చల్లగా, నీడలో ఉండాలి. గుడ్డ తడిపి మరక మీద ఒక నిమిషం పరిచి ఉంచండి, ఆరనివ్వకండి. మెల్లగా తుడిచి, బాగా నీళ్లు పోసి, పొడిగా తుడవండి. అక్కడ మైనం కూడా పోతుంది కాబట్టి మళ్లీ పెట్టుకోవాలి. కొత్త మరకలు దీంతో పోతాయి. పోయాక కూడా వేలికి చిన్న గుంటలా తగిలితే అది పైనున్న ఉప్పు కాదు, పెయింట్‌నే తినేసింది. అప్పుడు పాలిష్ పట్టించడమే. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ని కొన్ని మైక్రాన్లు అరగదీయడం, కాబట్టి ఏటా మొక్కులాగా చేయించొద్దు.

నిమ్మతోట (పొదలకూరు)
నిమ్మ ఉప్పు ఎందుకు, మా తోటలో కాయలు రాలి పోతున్నాయి.

చీమకుర్తి_నలుపు
పిండితే పీచు, తీపి, జిడ్డు అన్నీ వస్తాయి. కాయలు సోడాకి ఉంచుకోండి :)

కొత్తపట్నం
బీచ్‌కి దగ్గర ఉండేవాళ్ల తరఫున ఒక మాట. మాకు కడగకపోయినా ఉప్పే. రాత్రి బయట పెట్టిన బండి మీద పొద్దున చెయ్యి వేస్తే జిగురు. చాలామంది మంచు పడిందని పొడిగుడ్డతో తుడిచేస్తారు. అందులో ఉప్పుతోపాటు ఇసుక కూడా ఉంటుంది, గీతలన్నీ అక్కడే పడేది. వారం రోజులు మురికిగా ఉన్నా పర్లేదు, నీళ్లు పొయ్యకుండా మాత్రం గుడ్డ వెయ్యకండి. దుమ్ము బండి మీద కవరు కప్పినా అంతే, గాలికి కవరు ఆడుతూ రుద్దుతుంది.

ఎల్లోబోర్డు
మరి పెయింట్ మీద పొరలాగా పూసే సిరామిక్ కోటింగ్ వేయించుకుంటే నీళ్లే నిలవవంటారుగా? మా ఓనరు కొత్త బండికి వేయించాలని చూస్తున్నాడు.

కావలి_సర్వీసింగ్
నీళ్లు బాగా జారతాయి, తుడవడం సులువు, నిజమే. కానీ మిగిలిన చుక్కలు గుండ్రంగా, ఎత్తుగా నిలబడతాయి. ఎండలో వదిలేస్తే మామూలు పెయింట్ మీద కంటే మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. కోటింగ్ ఉన్నా తుడవాల్సిందే. ఇక కడక్కుండా వదిలేద్దామని వేయించుకునేవాళ్లు ఉన్నారు చూడండి, వాళ్లతోనే మాకు గొడవలు.

ట్రంకురోడ్డు (నెల్లూరు)
చివరి డౌటు. కడిగి తుడిచి షెడ్డులో పెట్టి మర్నాడు తీస్తే బ్రేకులు కరకరమంటున్నాయి, డిస్కుల మీద ఎర్రగా తుప్పు. ఏమన్నా చెడిపోయిందా?

కావలి_సర్వీసింగ్
లేదు. డిస్కు పోత ఇనుము, తడిస్తే గంటల్లోనే పైపైన తుప్పు పడుతుంది. కొంచెం దూరం నడిపి నాలుగైదు సార్లు బ్రేకు నొక్కితే పోతుంది. ఈసారి నుంచి తుడిచాక వీధి చివరిదాకా మెల్లగా నడుపుతూ బ్రేకు తొక్కి తీసుకురండి, వేడికి తడి ఆరుతుంది. హైవే ఎక్కక్కర్లేదు, ఎల్లోబోర్డు అన్న మాట వినొద్దు. షెడ్డులో నేల చదునుగా ఉంటే హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా గేరులో పెట్టి, టైరు కింద చెక్క పెట్టండి. తడి మీద హ్యాండ్‌బ్రేక్ వేసి నాలుగు రోజులు వదిలేస్తే పట్టుకుపోతుంది.